వరుసలు తీసి తొలిచిన పురుగు

మా ఇంట్లో ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంది. అది కంటపడినప్పుడల్లా నాకు ఇప్పటికీ గుండె ఆగినంత పనవుతుంది. ఆరేళ్ల కింద దానివల్లే నా పరువు ఆత్మకూర్‌లో బస్సెక్కి మహబూబ్‌నగర్‌లో దిగింది. నవ్వండి, కాదనను. నవ్వుకు ఖర్చేమీ లేదు కదా.

ముందే ఒక మాట. నేను చదివింది రెండో తరగతే. అయినా పట్టుబట్టి సంతకం నేర్చుకున్నాను. చచ్చినా ఎక్కడా వేలిముద్ర వేయనని ఊరంతా చాటాను. పైగా నా కుడి బొటనవేలికి అడ్డంగా ఒక గాటు ఉంది, మగ్గం మీద కోసుకున్నది.

మనవరాలు సరిత అప్పుడు డిప్లొమా ఆఖరి ఏడు. ఫోనుతో బోరుమోటరు నడిపే పరికరం ఒకటి తయారుచేసింది. వైర్లన్నీ పేగుల్లా బయటికి వేలాడుతున్నాయి.

"మీద డబ్బా లేకుంటే మార్కులెయ్యనన్నడు సారు. రేపు రెండు గంటలకే చూపియ్యాలె. డబ్బా నేనే చేస్త అవ్వా" అంది.

ప్లాస్టిక్ షీటును కరెంటు పొయ్యి మీద వేడి చేస్తే మెత్తబడుతుందట. దాన్ని చెక్క దిమ్మె మీద పరిస్తే, ఇల్లు ఊడ్చే మిషన్ కింది నుంచి గాలి గుంజి దిమ్మెకు అతికిస్తుందట. చల్లారితే అదే డబ్బా. గాలి ఎటునుంచి పోతుందో కూడా చెప్పే ఉంటుంది. నేను చింతపండు గింజలు తీస్తూ ఊఁ కొట్టాను.

ఆ మధ్యాహ్నం సరిత బయటికి పోయింది. నేను అర్రలోకి పోయి చూద్దును కదా, ముప్పై ఏళ్లు కూర్చుని నేసిన నా టేకు పీట! దాని నిండా చిల్లులు! నా కేకకు మా ముసలాయన పరుగెత్తుకొచ్చాడు.

"ఏందే, పామా?"

"పామైతే దాని తొవ్వన అది పోతది. పురుగయ్యా, పురుగు! పీటంత తొలిచింది!"

ఆయన కళ్లద్దాలు సవరించుకున్నాడు. "గిదేందే, వరుసలు దీసి తొలిచింది?"

"మనింటి పురుగు. పద్ధతి లేకుంట ఉంటదా?"

పీట ఒక పెట్టె మీద బిగించి ఉంది. ఎందుకని అడిగే తెలివి నాకుంటే మీకీ కథ దక్కేదా? సున్నంలో బెల్లం కలిపి నూరాను. ఒక్కో చిల్లులో కూరి బొటనవేలితో నొక్కాను. పీట నడుమ పెట్టి ఉన్న చెక్క దిమ్మె నెత్తిన కూడా ఒక చిల్లు కనిపించింది. "దీనికీ తగులుకుందా!" అని చివరి ముద్ద బొటనవేలితో దానికి అదిమాను. సున్నం పగలకుండా అన్నిటిమీదా తడిగుడ్డ కప్పాను. రాత్రి వచ్చిన సరిత, దుమ్ము పడకుండా కప్పాననుకుంది. పైసా ఖర్చు లేదు!

పొద్దున సరిత షీటును చట్రంలో బిగించి పొయ్యి మీద పట్టుకుంది. అది అప్పడంలా వంగగానే అరిచింది: "అవ్వా, గుడ్డ తియ్యి! మిషనెయ్యి!"

సభలో శిలాఫలకం తెర లాగినట్టు గుడ్డ లాగాను. షీటు దిమ్మె మీద పడింది. మిషన్ ఆకలేసిన దున్నపోతులా అరిచింది. షీటు మాత్రం కదల్లేదు. ఎలా పడిందో అలాగే, చల్లారిన సర్వపిండిలా బిగుసుకుంది.

"అవ్వా... చిల్లులేవి? నూరు చిల్లులు గొట్టిన గదా! గాలి గుంజేటందుకే! ఎవలు పూడ్చిండ్రు?"

ముసలాయన వైపు చూశాను. సరిత కూడా అటే చూసింది.

"తాతా!"

"నేనా? అరె, మీ అవ్వనే..."

"ఊకో అయ్యా! పిల్ల ఏడుస్తాంటె మాటకు మాట జెప్తవా?" అన్నాను. అవును, నేనే అన్నాను. సిగ్గు లేకుండా.

సరిత కూలబడింది. "ఇంకో షీటు లేదు. నా ఏడాది పాయె."

"ఫ్రిజ్ తలుపు కొయ్యి బిడ్డా" అన్నాను.

ముసలాయన నోట్లో బీడీ కింద పడింది. అది చెడిపోయిన ఫ్రిజ్. పాత సామానువాడు ఎన్నిసార్లు అడిగినా ఇవ్వకుండా, ఎండుమిరపకాయలు పోసుకుని పదేళ్లుగా కాపాడుకుంటున్నాను.

"లోపలి ప్లాస్టిక్ గిసొంటిదే గద? కొయ్యి!"

సరిత కోసింది. నేనూ ఆయనా దబ్బనాలతో పీట చిల్లులన్నీ పొడిచాం. ఆ హడావిడిలో దిమ్మె సంగతి ఎవరికీ గుర్తు లేదు. ప్లాస్టిక్ వేడెక్కగానే మిరప ఘాటు లేచింది. ముగ్గురం దగ్గుతుంటే మిషన్ ఒక్క గుంజు గుంజింది. చూస్తుండగానే ప్లాస్టిక్ దిమ్మెకు తోలులా అతుక్కుంది. డబ్బా! సరిత తుమ్ముకుంటూ బస్సెక్కింది.

సాయంత్రం వచ్చింది.

"మార్కులు పడ్డయా?"

"పడ్డయి."

"మరి మూతి గట్ల పెట్టినవేందే?"

"సారు డబ్బా ఇప్పి లోపల జూసిండు. గీ వేలిముద్ర ఎవలదమ్మా అన్నడు. ఉన్న సార్లందరిని పిలిచి చూపెట్టిండు."

డబ్బా తిప్పి చూపించింది. లోపల, నడిమధ్యన, గీత గీతతో సహా ఒక బొటనవేలు. దానికి అడ్డంగా గాటు.

ముసలాయన తాపీగా నా చెయ్యి పట్టుకుని, నా వేలు దాని పక్కన పెట్టి, ఇటు చూశాడు, అటు చూశాడు.

"ఏందే, సంతకం జేస్తనంటివి గదా?"

ఆ సాయంత్రమే దీపం ముందు ఒట్టు వేశాను. ఎవరిదని అడగకుండా ఈ జన్మలో ఏ చిల్లూ పూడ్చను. మనసాగక పూడ్చినా, గరిటెతో నొక్కుతాను.