వెక్కిరింత లేని లైన్ క్లియర్

మెట్రో రైలు అమీర్‌పేట మీదుగా తిరగడం మొదలైన మరుసటి ఏడాది నన్ను అమీర్‌పేటకీ పంజాగుట్టకీ మధ్య ఉన్న ఒక విద్యుత్ సబ్‌స్టేషన్‌కు షిఫ్టు ఆపరేటరుగా బదిలీ చేశారు. హోదా సబ్ ఇంజినీరు. ముప్పైమూడు వేల వోల్టులను పదకొండు వేలకు తగ్గించి, ఏడు ఫీడర్ల మీద చుట్టుపక్కల పేటలకు పంపే చోటు అది. ఫీడరంటే ఒక పేటకు పోయే పెద్ద లైను. దీపం వెలుగుతున్నంతసేపూ మేము ఎవరికీ గుర్తు రాము. ఆరిందంటే మాత్రం మా తాతముత్తాతలను కూడా పేరుపేరునా తలుచుకుంటారు.

మా పనిలో అన్నిటికంటే పెద్ద మాట లైన్ క్లియర్. లైను మీద మనుషులు ఎక్కాలంటే, వాళ్లను పంపే లైన్ ఇన్‌స్పెక్టరు ముందు నాకు ఫోన్ చెయ్యాలి. నేను ఆ ఫీడరు బ్రేకరు, అంటే దాని పెద్ద స్విచ్, ఆపి, లైనుతో సంబంధం పూర్తిగా తెగేలా అది ఉన్న ట్రాలీని బయటికి లాగి, ‘మనుషులు పనిచేస్తున్నారు’ అన్న బోర్డు తగిలించి, రిజిస్టరులో రాసి ఒక నంబరు ఇస్తాను. అక్కడ ఆయన లైనుకు ఎర్త్ రాడ్డు తగిలిస్తాడు. పొరపాటున కరెంటు వచ్చినా అది భూమిలోకి పోతుంది. పని అయ్యాక ఎవరు తీసుకున్నారో ఆ మనిషే, అదే నంబరు చెప్పి, మనుషులూ సామానూ ఎర్తూ తీశామని చెప్పి వాపసు ఇవ్వాలి. అప్పుడే నేను స్విచ్ తిప్పాలి. తొందరపడి తిప్పితే పైనున్న మనిషి దిగడు, పడతాడు. పాతికేళ్ల సర్వీసులో ఒకసారి ఒళ్లు కాలిన ఆ వాసన చూశాను, ఇంకోసారి చూడదలచుకోలేదు.

నాతో రోజూ లైన్ క్లియర్ తీసుకునే ఇన్‌స్పెక్టరు యాదగిరి. బల్కంపేట వాడు, ఎల్లమ్మ గుడి వెనక గల్లీలో పుట్టి అక్కడే పెరిగాడు. నాది పాలకొల్లు దగ్గర ఊరు, మా నాన్న చర్చిలో పాటలు పాడించేవారు. యాదగిరికి నా పేరు శామ్యూల్ అని తెలుసు కానీ ఎన్నడూ ఆ పేరు నోటితో అనలేదు. నేను ‘గోదారి సారు’ని. నేను కావాలని ‘యాదగిరి గారూ’ అనేవాణ్ణి. గారు అంటే వాడికి చిరాకు. ఆ మాట వినపడితే ఎనక ఎవరో పెద్దమనిషి నిలబడ్డట్టుంటదనేవాడు. వాళ్లింట్లో బోనాలకు నాకు మటన్ వచ్చేది, మా ఇంట్లో క్రిస్మస్‌కు వాడికి అరిసెలు పోయేవి. తిన్నాక ఇద్దరం ఒకరి వంటను ఒకరం తిట్టుకునేవాళ్లం.

ఆ తిట్లకు ఒక పద్ధతి ఏర్పడింది. ఒకప్పుడు ఎవడో కాంట్రాక్టు సూపర్‌వైజరు తొందరకొద్దీ యాదగిరి గొంతు పెట్టి వాపసు ఇవ్వబోయాడు. వాడి అదృష్టం, నా అదృష్టం, యాదగిరి అప్పుడే గేటులోంచి లోపలికొచ్చాడు. ఆ రోజు నుంచి మేమిద్దరం ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. లైన్ క్లియర్ అడిగేటప్పుడు వాడు నా ప్రాంతం మీద ఒక వెక్కిరింత వెయ్యాలి. నేను తిరిగి ఒకటి వెయ్యాలి. దానికి జవాబు వాపసు ఇచ్చేటప్పుడు వాడు చెప్పాలి. పాతది చెల్లదు. గొంతు ఎవడైనా అనుకరిస్తాడు, యాదగిరి నోటి దురద అనుకరించడం ఎవడి తరమూ కాదని మా ధీమా. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. మా అసిస్టెంట్ ఇంజినీరు మాత్రం రికార్డయ్యే ఫోనులో ఈ వేషాలేమిటని ఒకటి రెండుసార్లు విసుక్కున్నారు. ఆవిడది కడప వైపు. మా ఇద్దరి గొడవలో దూరకుండా ఇద్దర్నీ సమానంగా తిట్టే మనిషి.

ఆ రోజు ఆషాఢంలో ఒక మంగళవారం. బల్కంపేటలో జనం, డప్పులు. పొద్దుటి నుంచీ మబ్బు దిగి, పగలే సాయంత్రంలా ఉంది. పది దాటాక యాదగిరి ఫోన్ చేశాడు. పంజాగుట్ట వైపు పోయే ఫీడరు చివర గల్లీలో స్తంభం మీది రెండు పింగాణీ ఇన్సులేటర్లు మార్చాలి, లైన్‌మెన్లు మల్లేశం, జోజి పైకెక్కుతారు.

“గోదారి సారూ, పుస్తెలమ్మి పులస తింటరంట గద మీరు. తిన్నంక ఇంట్ల మొకం ఎట్ల సూపిస్తరు?” అన్నాడు.

నేను ఊరుకుంటానా? “యాదగిరి గారూ, మీ సర్వపిండి రొట్టెకు అన్ని చిల్లులెందుకండీ? తినేవాడు పారిపోవడానికా?” అన్నాను.

వాడు పడీపడీ నవ్వి, జవాబు వాపసప్పుడు చెప్తానన్నాడు. ఇంట్లో సాయంత్రం బోనమని, ఒక్కపొద్దు ఉన్నానని కూడా అన్నాడు. ఒక్కపొద్దంటే బోనం సమర్పించేదాకా ఏమీ తినకపోవడం. మంచిదన్నాను. వాడికి షుగరుందని నాకు తెలుసు. ఆ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూడాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. నంబరు ఇచ్చాను, బోర్డు తగిలించాను.

మధ్యాహ్నం మూడు కావస్తుండగా ఫోను మోగింది. యాదగిరి నంబరే, యాదగిరి గొంతే.

“శామ్యూల్ గారూ. పని పూర్తయింది. మనుషులు దిగారు. సామాను తీయబడింది. ఎర్త్ తీయబడింది. లైన్ క్లియర్ వాపసు తీసుకోగలరు.”

అవి మా ఫారం మీద అచ్చువేసిన మాటలు. నంబరు అడిగాను, తడుముకోకుండా సరిగ్గా చెప్పాడు. ఎర్త్ రాడ్డు తీసిన టైము అడిగితే అదీ చెప్పాడు. ఇక్కడ నేనొక తప్పు చేశాను, రాయడానికి ఇప్పటికీ సిగ్గే. అన్నీ సరిపోయాయి కదా అని, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, బోర్డు తీసేసి ట్రాలీని లోపలికి తోసేశాను. ఇంక స్విచ్ కుడివైపుకు తిప్పడమే మిగిలింది. వేళ్లు దాని మీద ఉండగా, ఈ మనిషి నన్ను పేరు పెట్టి పిలిచాడే అని తట్టింది.

“చిల్లుల సంగతేంటి యాదగిరి గారూ?” అన్నాను.

దూరంగా డప్పులు వినిపిస్తున్నాయి, ఊపిరి వినిపిస్తోంది. తర్వాత మళ్లీ, “శామ్యూల్ గారూ. పని పూర్తయింది. మనుషులు దిగారు...” మొదటిసారి ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో సరిగ్గా అక్కడే తీసుకున్నాడు. ఎక్కడున్నావు యాదగిరీ అని అడిగాను. మూడోసారి అదే వరస, అదే తూకం. ఆ గొంతులో కోపం లేదు, అలసట లేదు, వేళాకోళం అసలే లేదు. ఎవరో యాదగిరిని తొడుక్కుని మాట్లాడుతున్నట్టు అనిపించింది. ఫోను తెగిపోయింది. తిరిగి చేస్తే బిజీ వచ్చింది. ఎన్నిసార్లు చేసినా బిజీయే.

స్విచ్ మీంచి చెయ్యి తీశాను. ట్రాలీ బయటికి లాగి బోర్డు మళ్లీ తగిలించాను. కంట్రోల్ రూములో నేనొక్కణ్ణే ఉన్నాను. ట్రాన్స్‌ఫార్మర్ల మోత నాకు అలవాటే, ఎప్పుడూ వినపడదు. ఆ రోజు మాత్రం అందులో ఒక గొంతు తక్కువైనట్టు తోచింది. నిజానికి ఒక ఫీడరు ఆగి ఉంది కాబట్టి మోత కాస్త తగ్గుతుంది, అంతే. తెలిసినా ఆ గదిలో వెనక్కి తిరిగి చూడాలంటే భయమేసింది.

పది నిమిషాల్లో అసిస్టెంట్ ఇంజినీరు ఫోన్ చేశారు. యాదగిరి ఆవిడకూ వాపసు ఇచ్చేశానని చెప్పాడట. ఆ ఫీడరు మీద ఒక నర్సింగ్ హోముంది, జనరేటరు మొరాయిస్తోంది, లోపల రోగులున్నారు, సప్లై ఎందుకివ్వలేదని నిలదీశారు. నా దగ్గర కారణం ఒక్కటే, అది నోటితో చెప్పుకునేది కాదు. అయినా చెప్పాను. యాదగిరి నన్ను వెక్కిరించలేదు మేడమ్ అన్నాను. ఉద్యోగం పోతుందేమో అనుకున్నాను. నర్సింగ్ హోములో ఎవరికైనా ఏమైనా అయితే ఈ జవాబు పట్టుకుని ఏ విచారణలో నిలబడాలి?

“నాతోనూ మర్యాదగా మాట్లాడినాడే వాడు,” అన్నారావిడ నెమ్మదిగా. “ఆపండి. నేను పోయి చూస్తా.”

ఆ తర్వాతి పావుగంట నా సర్వీసులోకెల్లా పొడుగైనది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల వాళ్లు, హాస్టళ్ల వాళ్లు, నర్సింగ్ హోము వాళ్లు వరసగా ఫోన్లు. ఇంకో ఆపరేటరైతే ఈపాటికి ఇచ్చేసేవాడని ఒకాయన అన్నాడు. నిజమే అన్నాను. మధ్యలో యాదగిరి నంబరుకు చేస్తూనే ఉన్నాను, ఇప్పుడు మోగుతోంది కానీ ఎత్తడం లేదు.

చివరికి మేడమ్ దగ్గర్నుంచి ఫోను. గొంతు బాగా తగ్గించి మాట్లాడారు. “ఇద్దరూ పైనే ఉండారు శామ్యూల్ గారూ. పని చేస్తాండారు.”

మల్లేశం, జోజి గల్లీ లోపల స్తంభం మీద, వట్టి చేతులతో తీగ పట్టుకుని ఉన్నారు. ఎర్త్ రాడ్డు తగిలించింది మలుపు అవతల మెయిన్ రోడ్డు స్తంభానికి, వాళ్లకు కనపడదు. ఆ రాడ్డు తీసేసి ఉంది. దాని తీగ చక్కగా చుట్టచుట్టి, తాడు కట్టి, గోడకు ఆనించి ఉంది. లైన్ క్లియర్ పుస్తకంలో అన్ని గళ్లూ నిండి ఉన్నాయి, టైములతో సహా, ముత్యాల్లాంటి అక్షరాలతో. యాదగిరి చేతిరాత కోడి గీతలని మేమంతా నవ్వేవాళ్లం. అంత బాగా వాడు ఎన్నడూ రాయలేదు.

జోజి తర్వాత చెప్పాడు. యాదగిరన్న మలుపు దాకా వచ్చి, తలెత్తి వాళ్లిద్దర్నీ చూశాడట. అన్నా, ఛాయ్ తెప్పియ్యరాదే అని అడిగితే నవ్వి తలూపి వెళ్లిపోయాడట. ఛాయ్‌కే పోయిండనుకున్నారు వాళ్లు.

మేడమ్‌కు యాదగిరి మూసి ఉన్న ఒక దుకాణం మెట్టు మీద కనిపించాడు. వెన్ను నిటారుగా, ఫోను చెవికి ఆనించుకుని కూర్చున్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. ఫోనులో ఎవరూ లేరు. మనుషులు దిగారు, ఎర్త్ తీయబడింది అని ఇంకా చెబుతూనే ఉన్నాడట. ముఖం మీద చెమట ధారలు కడుతోంది. ఆవిడ భుజం పట్టి ఊపితే ఆవిడను కూడా గారూ అని పిలిచి మళ్లీ మొదలుపెట్టాడట.

షుగరు పడిపోయింది. పొద్దున అలవాటు కొద్దీ మాత్ర వేసుకుని, ఒక్కపొద్దని మంచినీళ్లతో సరిపెట్టాడు. అలాంటప్పుడు మనిషి పడిపోకుండానే తెలివి తప్పుతుందని, ముప్పై ఏళ్లు చేసిన పని చేతులు వాటంతటవే చేసుకుపోతాయని ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు. గ్లూకోజు ఎక్కించాక లేచాడు. ఇక్కడ గల్లీలో మల్లేశం, జోజి దిగాక, ఎర్తు తీసే ఉందని చూసి, వాళ్లిద్దర్నీ మేడమ్ స్వయంగా లెక్కపెట్టి చెప్పాకే నేను స్విచ్ తిప్పాను. నర్సింగ్ హోములో ఎవరికీ ఏమీ కాలేదు. అది నా తెలివి కాదు, దేవుడి దయ.

మర్నాడు నేను చూడబోతే యాదగిరికి మధ్యాహ్నం తర్వాతది ఏదీ గుర్తులేదు. పుస్తకం చూపిస్తే, ఇది నా రాత కాదన్నాడు. కింద సంతకం చూసి పుస్తకం పక్కన పెట్టేశాడు. మల్లేశానికి ఇద్దరు ఆడపిల్లలు సారూ అన్నాడు. ఏడ్చాడు. నాకూ ఆగలేదు. లేచి వస్తుంటే వెనక నుంచి పిలిచాడు.

“సారూ, నీ సవాలుకు జవాబియ్యలే. ఆ చిల్లులు నూనె పొయ్యనీకి. చిల్లు లేకుంట పిండి పూడ్సి పెడితే నూనె దిగది, అడుగు మాడుతది. తినెతందుకే గాని ఒండ తెలుసా మీ గోదారోళ్లకు?”

తిరిగి వచ్చినవాడు యాదగిరేనని అప్పుడు నాకు నమ్మకం కుదిరింది.

విచారణలో ఫోను రికార్డు వినిపించారు. గదిలో నలుగురం ఉన్నాం, మూడోసారి ఆ మాటలు వచ్చేసరికి ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. ‘ఆపరేటరు సందేహించి సప్లై నిలిపాడు’ అని రాసుకున్నారు. దేనికి సందేహించాడో రాయండి అన్నాను. వెక్కిరింత అన్న మాట నివేదికలో బాగుండదన్నారు. ట్రాలీ లోపలికి తోసిన సంగతి నేనే చెప్పి రాయించాను. యాదగిరిని స్తంభాల పని మాన్పించి స్టోర్సుకు పంపారు, అక్కడే రిటైరయ్యాడు. మా సెక్షనులో మాత్రం మేడమ్ ఒక నిబంధన పెట్టారు. వాపసు తీసుకునేటప్పుడు ఫారంలో లేని ప్రశ్న ఒకటి ఆపరేటరు అడగాలి, దానికి అవతలి మనిషి సొంత మాటల్లో జవాబివ్వాలి.

నేను నేర్చుకున్నది ఇదే. పని జరిగిందా అని ఫారం అడుగుతుంది, చేసిన మనిషి అందులో ఉన్నాడా అని అడగదు. అది పక్కవాడే అడగాలి. ఇప్పుడు మేమిద్దరం పెన్షనర్లం, వారానికోసారి ఫోనులో తిట్టుకుంటాం. మొన్నొకసారి వాడు సరదాకి, “శామ్యూల్ గారూ” అని మొదలుపెట్టాడు. నేను మాట్లాడకుండా ఫోను పెట్టేసి, ఆటో ఎక్కి బల్కంపేట పోయి, వాడు అన్నం తిన్నాడో లేదో చూసి వచ్చాను.