దానియేలు గారి వాన నీళ్ళు

దయ్యాలూ గియ్యాలూ నేను ఏనాడూ నమ్మలేదు. కెమిస్ట్రీ పాఠాలు చెప్పుకునేదాన్ని, దేనికైనా రుజువు అడగడం అలవాటు. అందుకే జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో అమలాపురంలో ఒక కాలేజీలో పనిచేస్తూ పీహెచ్‌డీ చేస్తున్నాను. నా పని అయానిక్ పాలిమర్ తయారు చేయడం. చూడ్డానికి పసుపుపచ్చటి పొడి. దాని సాయంతో కార్బన్ డయాక్సైడ్ పనికొచ్చే పదార్థంగా మారాలి. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ ఆ పొడి మొద్దులా కూర్చుంది. ఇంకోసారి పోతే అంశం మార్చుకోమని గైడు గారు తేల్చేశారు. నాలుగేళ్ళ కష్టం!

మా ల్యాబ్ అటెండరు దానియేలు గారు కొబ్బరి పీచుతో తోమితే గాజుసామాను తళతళలాడేది. నేను పొడిని బోరు నీళ్ళతో కడుగుతుంటే చూసి, "ఈ నీళ్ళతో మా ఇంట్లో పప్పే ఉడకదండి మేడమ్ గారూ. వాన నీళ్ళు తెస్తానండి, ఆయ్," అన్నారు. వాళ్ళింట్లో వంటకి పెంకుల మీంచి జారే వాన నీళ్ళు పట్టి దాచేవారు. పప్పుకీ పాలిమర్‌కీ పోలికేమిటని నవ్వేశాను. చివర్లో ఎలాగూ డిస్టిల్డ్ వాటరుతో కడుగుతానని నా ధీమా. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ ఫిబ్రవరిలో ఆయన గుండెపోటుతో పోయారు.

మే నెల సెలవులు. ఆఖరి పొడి కడగాలని మధ్యాహ్నం ల్యాబ్ తాళం తీశాను. రెండు తాళం చెవులూ నా దగ్గరే ఉన్నాయి. సింకు పక్కన దానియేలు గారు ల్యాబ్‌లో వాడే ప్లాస్టిక్ క్యాను నిండా నీళ్ళు! మూతికి గుడ్డ, దానికి కొబ్బరి తాడుతో ఆయన వేసే ముడి. ముందురోజు ఆ క్యాను బోర్లించి వెళ్ళింది నేనే. నెల్లాళ్ళుగా చినుకు లేదు.

ముడి విప్పబుద్ధి కాక, తాడు అలాగే పైకి జరిపి గుడ్డ తీశాను. అయినా అలవాటు ఎక్కడికి పోతుంది? సిల్వర్ నైట్రేట్ చుక్క వేసి చూశాను. నీళ్ళలో ఉప్పుంటే తెల్లబడాలి. బోరు నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి, క్యాను నీళ్ళు తేటగానే ఉన్నాయి. అప్పుడు బుర్రకెక్కింది. ఇన్నాళ్ళూ ఆ ఉప్పే నా పొడిలోకి దూరి, అందులో అసలు పనిచేసే అయొడైడ్ అనే భాగాన్ని బయటికి నెట్టేస్తోంది. ఒకసారి దూరాక ఏ డిస్టిల్డ్ వాటరుకీ అది రాదు.

క్యాను నీళ్ళతో కడిగాను. పొడి పనిచేసింది.

మిగిలిన నీళ్ళ క్యానుకి ఆ గుడ్డా తాడూ మళ్ళీ తొడిగి, పట్టుకుని ఆయన భార్య మరియమ్మ గారి దగ్గరకి వెళ్ళి, ఎవరిచేతనైనా పంపించారా అని అడిగాను. "ఆయన పోయేకా వాన నీళ్ళు ఎవరు పట్టేరండీ," అన్నారామె. ఆ ముడిని చాలాసేపు తడిమారు. తర్వాత లేచి, ఆ నీళ్ళతోనే కందిపప్పు పొయ్యి మీద పెట్టారు. వెన్నలా ఉడికింది. ఇద్దరం తిన్నాం.

థీసిస్‌లో ఎప్పుడు, ఏ నీళ్ళతో కడిగానో రాయాలి కదా, వాన నీళ్ళు అని రాశాను. వైవాలో ఒక పెద్దాయన అడిగారు, మే నెలలో వాన నీళ్ళు ఎక్కడివమ్మా అని. దానియేలు గారు తెచ్చారండి, అన్నాను.