రెండు అంతస్తుల మధ్య పెళ్లిచూపులు

2023లో నేను దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా లిఫ్టులు చూసే సర్వీస్ ఇంజినీర్‌ని. మా లైన్‌లో అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది: కొన్ని బిల్డింగుల్లో పెంట్‌హౌస్ గరుడులది, సెల్లార్ నాగులది. చూడటానికి మనలాగే ఉంటారు. గరుడులకు మూసిన చోటు పడదు, నాగులకు ఎత్తు పడదు, ఒకరికొకరు అసలే పడదు.

ఎల్‌బీ నగర్ మెట్రో వెనక ఐదంతస్తుల బిల్డింగ్‌లో అలాంటి రెండు కుటుంబాలుండేవి. నాగుల పిల్లలు టెర్రస్ ఎక్కితే గరుడులు తరిమేవారు. గరుడులు పార్కింగ్ దాకా దిగితే కింద సెల్లార్ నుంచి బుసలు వినిపించేవి. విసిగిపోయిన పెద్దలే చివరికి పెళ్లి ఆలోచన చేశారు. అబ్బాయి నాగుల శేషు, అమ్మాయి గరుడుల వినీత.

పెళ్లిచూపుల్లో ఇద్దరూ కాసేపు విడిగా మాట్లాడుకోవాలి కదా. మేడ మీదంటే నాగులు కాదన్నారు, కిందంటే గరుడులు కాదన్నారు. "లిఫ్టుల కూసోబెట్టి నడిమిట్ల ఆపుండ్రి" అంది శేషు నాయనమ్మ. అందుకని నన్ను పిలిచారు.

టెర్రస్ మీది మెషీన్ రూమ్‌లో రికాల్ స్విచ్ ఉంటుంది. అది వేస్తే లిఫ్టు లోపలి బటన్లు పనిచేయవు. పైన నేను బటన్ నొక్కి పట్టుకున్నంతసేపే, అదీ నెమ్మదిగా కదులుతుంది. ఫ్యాన్, లైటు, ఇంటర్‌కమ్ సరిచూసుకున్నాను. మెట్లు దిగబోతూ వినీత ఆగింది.

"తొందరపెట్టకండి. ఆయన ఒప్పుకున్నది నా కోసమో, తగాదా తీరడం కోసమో తెలుసుకోవాలి. తగాదా కోసమైతే నేను చేసుకోను."

"అప్పుడు తగాదా?"

"మళ్లీ మొదలవుతుంది" అంది.

ఇద్దరూ కోచింగ్ సెంటర్ ఉన్న రెండో అంతస్తులో ఎక్కారు. కొంచెం పైకి తీసి ఆపేశాను. నా పక్కన వినీత తాతగారు ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుని నిలబడ్డారు. అవతల, సెల్లార్‌లో శేషు నాయనమ్మ.

"ఏంది, ఇంకా కాలేదా?"

"మీవాడు మాట్లాడుతున్నాడో, బుసకొడుతున్నాడో!"

"మీ పిల్ల పొడుసుడు ఆపితే గదా, మావోడు మాట్లాడేది!"

అంతలో ఇంటర్‌కమ్ మోగింది. శేషు. "అన్నా, జల్ది పైకి తీస్కపో. ఈమెకు ఊపిరాడ్తలేదు. చెప్తలేదు గని, చేతులు సల్లబడ్డయ్."

"రెండో అంతస్తే దగ్గర. అక్కడ తలుపు తీస్తా."

"గా కోచింగ్ సెంటర్ కారిడార్ల కిటికీ కూడ లేదన్నా. ఈమెకు ఆకాశం కావాలె."

వెనక నుంచి వినీత గొంతు, తెగుతూ తెగుతూ: "వద్దండీ, రెండులోనే తీయండి. పైకెళ్తే ఈయన కళ్లు తిరిగి పడతారు."

"కండ్లు మూస్కుంట. నువ్వు జర గమ్మునుండు."

బటన్ నొక్కి పట్టుకున్నాను. టెర్రస్ మీద తలుపు తెరుచుకోగానే వినీత బయటికొచ్చి గుండెలనిండా గాలి పీల్చింది. శేషు లోపలే నేల మీద కూర్చుని, కళ్లు గట్టిగా మూసుకుని, రెయిలింగ్ పట్టుకుని ఉన్నాడు.

తాతగారు ఫోన్‌లో విజయం ప్రకటించారు. "చూశారా, మీవాడే మా మేడెక్కాడు!"

"మోసం జేసిండ్రు! గీ పెండ్లి లేదు, ఏం లేదు!"

"తాతయ్యా, ఆ ఫోన్ పెట్టెయ్" అంది వినీత. "నాకు కావలసిన జవాబు దొరికింది." శేషు చెయ్యి పట్టుకుని లేపింది. "కళ్లు తెరవకండి. మెట్లు నేను చెప్తాను."

అలా చెప్పుకుంటూ సెల్లార్ దాకా దిగింది. ఆ ఇంటి గరుడులెవరూ అప్పటిదాకా సెల్లార్‌లో అడుగుపెట్టలేదు. నేను వెనకే వెళ్లాను. కింద నాయనమ్మ తిట్టడానికి సిద్ధంగా నిలబడి ఉంది. వినీత నుదుటి మీద చెమట చూసింది, ఆమె ఊపిరి చప్పుడు విన్నది. తిట్టడం మాని తనవాళ్ల వైపు తిరిగింది.

"ఏందిరా, అందరు గట్ల నిలబడ్డరు?" అంది. "షట్టర్ లేపుండ్రి. పిల్లకు గాలి రావాలె."

ఎండ పడని ఆ సెల్లార్‌లోకి సాయంత్రపు వెలుతురు నేల మీదుగా లోపలి గోడ దాకా వచ్చింది. నాగులు కళ్లు చికిలించారు గానీ షట్టర్ దించమని ఎవరూ అనలేదు. ఆ శ్రావణంలోనే పెళ్లయింది.

రెండు అంతస్తుల మధ్య ఆగిన లిఫ్టు ఎవరి పక్షమూ కాదు, నిజమే. కానీ అక్కడ ఎవరికీ తలుపు తెరుచుకోదు. ముందు ఒకరు అవతలివాళ్ల అంతస్తుకు వెళ్లాలి, కళ్లు మూసుకునైనా సరే.