దాహం లేదన్నాను

విడవలూరులో లారీ దిగేసరికి ఉదయం పదకొండున్నర. అక్కడినుంచి తీరానికి లారీ దారి లేదు. సామాను ఎడ్లబండి మీద వేసి, నలుగురం వెనక నడిచాం. బకింగ్‌హాం కాలువ దగ్గర బండి ఆగిపోయింది. పడవలో మూడు విడతలుగా సామాను దాటించి, అవతల ఇసుకలో మైలున్నర మోసుకెళ్ళాం. అరవై అయిదు, సెప్టెంబరు నెలాఖరు. బూట్ల పైనుంచి ఇసుక లోపలికి పడుతోంది. సరుగుడు తోట దాటాక సముద్రం కనిపించింది. మా పోస్టు అదే.

"మిలిటరీలో చేశావు కదా, మంచుకొండల మీద ఉన్నావా?" అని అందరూ అడుగుతారు. లేదు. నన్ను మా ఇంటికి పన్నెండు మైళ్ళ దూరంలో వేశారు. మాది కొడవలూరు పక్కన పల్లె. యుద్ధం పడమట జరిగితే నేను తూర్పున సముద్రం చూస్తూ కూర్చున్నాను. అందుకే ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు. నాకు తగిలిన దెబ్బ మాత్రం అక్కడే తగిలింది.

హవల్దారు తమిళుడు, మాట తక్కువ మనిషి. వంటవాడు ఒకడు. వైర్‌లెస్ ఆపరేటరుది నాయుడుపేట, నాకన్నా రెండేళ్ళు చిన్న. నేను లాన్స్ నాయక్‌ని, చేతి మీద ఒక పట్టీ. మూడు గుడారాలు, నాలుగు రైఫిళ్ళు, ఒక బైనాక్యులరు, ఒక వైర్‌లెస్ సెట్టు. సరుగుడు వాసాలతో పదిహేనడుగుల మంచె కట్టుకున్నాం. ఏ ఓడ కనిపించినా టైము, దిక్కు పుస్తకంలో రాయాలి. రోజూ మధ్యాహ్నం, రాత్రి మద్రాసు స్టేషన్‌కి చెప్పాలి. తుఫాను వార్త కూడా ఆ సెట్టు మీదే వస్తుంది. వస్తే ఆపరేటరు నాకు చెప్పాలి, నేను మంచె పక్కన గడకు ఎర్రజెండా ఎక్కించాలి. జెండా బాధ్యత పేరు పెట్టి నాకే రాసిచ్చారు.

మాకు రెండు ఫర్లాంగుల దూరంలో బెస్తపాళెం ఉంది. ఇరవై గుడిసెలుంటాయి. అక్కడి కాటయ్య మొదటివారమే వచ్చి మంచె కింద గొంతుకూర్చున్నాడు.

"ఏంది సామీ మీ పని?"

"తీర రక్షణ."

"మమ్మల్ని కాపాడేదానికి వొచ్చినారా, సముద్రాన్నా?"

నవ్వాను. ఎర్రజెండా సంగతి చెప్పాను. జెండా ఉంటే తెప్ప దించొద్దు, లేకపోతే భయం లేదు, పూచీ నాది అన్నాను. అంత మాట నన్నెవరూ అనమనలేదు. ఆ రోజునుంచి కాటయ్య తెప్ప తోసే ముందు గడ వైపు చూసేవాడు. నేను చెయ్యి ఊపితే తనూ ఊపేవాడు. అతని భార్య పోలమ్మ అప్పుడప్పుడు ఆకులో చుట్టిన కవ్వళ్ళ చేపలు పంపేది.

మేం క్రైస్తవులం. మా నాన్న ప్రార్థన మందిరంలో గంట కొట్టేవాడు. నేను తాగేవాణ్ణి కాదు, పేకాడేవాణ్ణి కాదు. రోజూ అయిదున్నరకి సరుగుడు తోటలో మోకరించి, ఆరింటికి మంచె ఎక్కేవాణ్ణి. ఇదంతా చూసి నేను గొప్పవాణ్ణని నాకొక నమ్మకం. ఇప్పుడు చెప్పుకుంటే సిగ్గుగా ఉంది కానీ ఉండేది.

సాయంత్రం టీ అయ్యాక ఆపరేటరు నా పక్కన చేరేవాడు. దేవుడి గురించి అడిగేవాడు. నాకు తెలిసింది చెప్పేవాణ్ణి. రక్షణ మనం చేసే పనికి కూలి కాదు, ఆయన ఇచ్చే బహుమానం, నమ్మకం కూడా ఆయన ఇచ్చిందే, మన గొప్ప ఏమీ లేదు అని.

"అయితే నీకూ నాకూ ఒకటే రేషనా అన్నా?"

"ఒకటే."

"నువ్వు తెల్లారుజామునే లేచేది దండగ గదా మరి."

హవల్దారు కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ మాట నాకు తగలాల్సిన చోట తగిలిందని అప్పుడు తెలియలేదు.

నవంబరులో ఒక మంగళవారం. హవల్దారు రేషన్‌కి నెల్లూరు వెళ్ళాడు. ఆకాశం తేటగా ఉంది, గాలి లేదు. ఆరింటికి మంచె ఎక్కాను. ఆరూ పదికి కాటయ్య గడ వైపు చూశాడు. చెయ్యి ఊపాను. తనూ ఊపి తెప్ప తోశాడు. వెనక మరో ఆరు తెప్పలు వెళ్ళాయి. పదింటికి ఈశాన్యం నల్లబడింది. పదీ నలభైకి మంచె ఊగడం మొదలైంది. దిగి ఆపరేటరు గుడారానికి పరిగెత్తాను. అతను సెట్టు ముందు కూర్చుని ఉన్నాడు. మొహం పాలిపోయి ఉంది.

"వార్త ఏమైనా వచ్చిందా?"

"ఇప్పుడే... జెండా ఎక్కించన్నా."

ఎక్కించాను. చూడాల్సినవాళ్ళు సముద్రంలో ఉన్నారు. మధ్యాహ్నానికి ఆరు తెప్పలు తిరిగొచ్చాయి. కాటయ్య తెప్ప రాలేదు. మూడో రోజు దక్షిణాన నాలుగు మైళ్ళ అవతల అతని తెప్ప దుంగలు కొట్టుకొచ్చాయి. మనిషి దొరకలేదు.

విచారణకి మద్రాసునుంచి కెప్టెన్ వచ్చాడు. పావుగంట కూడా పట్టలేదు. తుఫాను వార్త మద్రాసునుంచి అయిదూ నలభైకే వెళ్ళింది. ఇక్కడినుంచి "రోజర్", అంటే అందింది అన్న జవాబు కూడా వెళ్ళింది. వైర్‌లెస్ పుస్తకంలో ఆపరేటరు చేతిరాత: అయిదూ నలభై అయిదు, వార్త లాన్స్ నాయక్‌కు నోటిమాటగా అందజేయడమైనది.

"నాకు చెప్పలేదు సార్."

"ఆ టైములో ఎక్కడున్నావు?"

"ప్రార్థనలో ఉన్నాను సార్."

"ఎవరు చూశారు?"

నాకున్న సాక్షి ఒక్కడే. ఆయన విచారణకి రాలేదు. నేను ఆపరేటరు వైపు చూశాను. అతను బూట్ల వైపు చూసుకుంటున్నాడు. చేతి మీద పట్టీ ఊడదీశారు. జెండా ఎక్కించడం మరిచాడని కాగితంలో రాశారు. ఆ కబురు వంటవాడి నోటిగుండా పాళెం చేరింది. చెయ్యి ఊపి మరీ పంపించినాడంట అని ఆడవాళ్ళు అనుకోవడం నా చెవినే పడింది.

పట్టీ పోయినందుకు అంత బాధ లేదు. పాళెం నన్ను చూసే చూపు మారింది, దానికే కుమిలిపోయాను. నిజం బయటపెట్టమని దేవుణ్ణి రోజూ అడిగాను. ఇన్నేళ్ళు నీ మాట విన్నాను కదా, ఈ ఒక్కటీ చెయ్యి అన్నాను. అలా అడిగేవాణ్ణి, పనికి కూలి అడిగినట్టు.

డిసెంబరులో ఆపరేటరు తిండి తగ్గించాడు. ఒకరోజు మధ్యాహ్నం మంచె కిందికి వచ్చి నిలబడ్డాడు. దిగమన్నాడు. దిగాను.

"ఆ పొద్దు నిద్దరమత్తులో రోజర్ అనేసినా అన్నా. మళ్ళీ పండుకున్నా. గాలికి లేచి చూస్తే ప్యాడు మీద తుఫాను వార్త నా రాతతోనే ఉండాది. బయపడి పుస్తకంలో నీ పేరు రాసినా."

దేవుడు విన్నాడనుకున్నాను.

"దేవుణ్ణి అడుక్కున్నా. క్షమించినాడు. రాత్రి గుండె దూదైపోయింది. కాలవ అవతల మందిరం పాస్టరు గారిని బాప్తిస్మం అడిగినా."

"కెప్టెన్‌కి ఎప్పుడు చెప్తావు? పోలమ్మకి?"

అతను ఇసుక వైపు చూశాడు. "నాకు పెండ్లి కుదిరిందన్నా. ఉద్యోగం పోద్ది, జైల్లో యేస్తారు. ఆయనే కడిగేసినాక మళ్ళా తవ్వుకునేదెందుకు? మన చేతల్తో వొచ్చేది కాదని నువ్వే గదా జెప్పింది."

నా మాటే తెచ్చి నా మీద పడేశాడు. అతను నాటకమాడి ఉంటే బాగుండేది, కొట్టేవాణ్ణి. ఆ కళ్ళలో నీళ్ళు నిజమైనవి. నేను ఇరవై ఏళ్ళు మోకరించి ఎన్నడూ ఎరగని తేలిక ఆ మొహంలో ఉంది. అదే నాకు కడుపుమంట. అన్యాయం జరిగింది నాకు, మొగుడు పోయింది పోలమ్మకి. మా ఇద్దరినీ అడక్కుండా ఆయన ఎలా క్షమిస్తాడు?

హవల్దారుకి చెప్పాను. "నీ మాట, అవన్ మాట. ఎళుత్తు అవన్ దగ్గర ఉంది," అన్నాడు. అవన్ అంటే వాడు, ఎళుత్తు అంటే రాత. అక్కడితో ఆ దారి మూసుకుంది.

ఆదివారం ఉదయం పదింటికి కాలువలో బాప్తిస్మం. తువ్వాలు పట్టుకోవడానికి నన్ను పిలిచారు. పట్టుకున్నాను. తర్వాత పాస్టరు గారిని పక్కకి పిలిచి, పేర్లు చెప్పకుండా అడిగాను. తప్పు చేసినవాడికి అంత సులువుగా ఇచ్చేస్తాడా అని.

"చేసిన తప్పు సరిదిద్దుకోవాల, దాంట్లో తప్పించుకునేది లేదు. కానీ ఆయన ఇచ్చేది లెక్క జూసి ఇయ్యడు నాయనా. నీకు మాత్రం లెక్క జూసి ఇచ్చినాడా?"

పేర్లు చెప్పి ఉంటే ఆయనే ఆపరేటరుని కూర్చోబెట్టి మాట్లాడేవాడేమో. చెప్పలేదు. కోపం చెప్పనివ్వలేదు. ఆ తర్వాత పోస్టు ఎత్తేసేదాకా నేను ప్రార్థన చేయలేదు.

ఫిబ్రవరిలో ఆర్డరు వచ్చింది. గుడారాలు విప్పాం. మంచె పడగొట్టాం. ఎర్రజెండా మడిచి పెట్టెలో పెట్టాను. పగలు పన్నెండు గంటలకి సామాను భుజాన వేసుకుని పాళెం మధ్యగా కాలువకి బయలుదేరాం. ముందు హవల్దారు, వంటవాడు. తర్వాత నేను. నా వెనక ఆపరేటరు. ఎండ మండుతోంది. నా నీళ్ళ సీసా తోటలోనే ఖాళీ అయింది.

పోలమ్మ గుడిసె ముందుకొచ్చింది. చేతిలో మట్టిముంత. మూడు నెలల్లో ఆమె నాతో మాట్లాడడం అదే మొదలు.

"తాగిపో నాయనా. అయిందేదో అయింది. మరిసిపొయ్యావు, కావాలని జేసినావా? నీ మీద నాకేం లేదు."

నేను చేయని తప్పుకి ఆమె నన్ను క్షమించింది. ఆ ముంత అందుకుంటే ఆ తప్పు నాదే అవుతుందనిపించింది. నేను కాదమ్మా అని చెప్పాలనుకున్నాను. వెనక ఆపరేటరు ఊపిరి వినబడుతోంది. అతను చెప్తాడని ఆగాను. అతను చెప్పలేదు.

"నాకు దాహం లేదక్కా," అన్నాను.

పోలమ్మ చెయ్యి దించలేదు. అలాగే చాపి నిలబడింది. నా భుజం పక్కనుంచి ఆపరేటరు చేతులు వచ్చి ముంత అందుకున్నాయి. తలెత్తకుండా తాగాడు. ఆఖరి చుక్కదాకా తాగాడు. నీళ్ళు గడ్డం మీదుగా చొక్కాలోకి కారాయి. ముంత తిరిగిచ్చేశాడు. ఆమె కొంగుతో ముంత తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రానికి నెల్లూరు స్టేషన్‌లో ఉన్నాం. అక్కడినుంచి తలో రైలు ఎక్కాం. ఆపరేటరుని మళ్ళీ చూడలేదు. నాకు ఇప్పుడు మనవళ్ళున్నారు. మందిరానికి వెళ్తాను, పాటలు పాడతాను. అతని మీద కోపం పూర్తిగా పోయిందని మాత్రం చెప్పలేను. ఒక్కోసారి పాట మధ్యలో ఆ చాపిన చెయ్యి కనిపిస్తుంది. ముంత అంచుదాకా నీళ్ళు, అందులో ఎండ. ఆ పోస్టులో నేను ఆడిన అబద్ధం ఒక్కటే. ఆ రోజు నాకు నాలుక పిడచకట్టుకుపోయేంత దాహంగా ఉంది.