వంకాయ రంగు చీరలో గీత

మా తమ్ముడు పోయేనాటికి మగ్గం మీద వంకాయ రంగు నూలు చీర సగంలో ఉంది. అది అమ్మకానికి కాదు, పెళ్ళానికి. ఎమ్మిగనూరులో ఊళ్ళ వాళ్ళకంతా చీరలు నేసే ఇళ్ళల్లో ఆడవాళ్ళు కట్టేది సంతలో కొన్న నైలాన్ చీరలే. పెళ్ళాం ఏళ్ళ తరబడి పోరుపెడితే వాడు ఇదొకటి మొదలుపెట్టాడు. ఒక మధ్యాహ్నం మగ్గం గుంటలోనే ఛాతీ పట్టుకుని ఒరిగిపోయాడు.

మిగిలింది నేనే నేస్తానంది మా మరదలు. అడ్డంగా నేసే పేకకు దాచిన నూలేమో వానకు తడిసి మరకలు పట్టింది. అటూ ఇటూ పోగును మోసే నాడెలో మిగిలిన నూలు కండె పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నేను రోజూ ఆదోని నుంచి బస్సులో పోయి ఎమ్మిగనూరు అద్దకం యూనిట్‌లో ల్యాబ్ చూస్తాను.

"ఎవురు సూసినా చీరంతా మీ తమ్ముడే నేసినాడనుకోవల్ల వదినా. నేను మొదలుపెట్టిన కాడ గీత కనపడగూడదు."

అదెంత పని అన్నాను. మా స్పెక్ట్రోఫోటోమీటర్ నూలు మీద వెలుగు వేసి, ఏ రంగు వెలుగు ఎంత వెనక్కి వచ్చిందో కొలుస్తుంది. రెండు రంగులకూ మధ్య తేడాను ఒక అంకెలో చెబుతుంది. ఆ అంకె ఒకటి దాటితే సరుకు పనికిరాదు. ట్యూబ్‌లైట్ కింద చూసి సరిపోయిందనే ఓనరుతో నేను రోజూ పోట్లాడేది ఆ అంకె పట్టుకునే.

కండె నూలును అట్టముక్కకు ఒత్తుగా చుట్టి కొలిచాను. రంగు కుదిరేదాకా అద్దకం వాళ్ళ ప్రాణం తీశాను. తేడా దాదాపు సున్నాకు వచ్చాక నూలు ఇచ్చి పంపాను.

చీర పూర్తిచేసి, మగ్గం నుంచి కోసి, సంచిలో పెట్టుకుని మళ్ళీ వచ్చింది. రంగు కలవలేదంది. మిషను అబద్ధం చెప్పదు, నీ కళ్ళు చూపించుకో అన్నాను. ఆమె నన్ను యూనిట్ వాకిట్లోకి తీసుకుపోయి ఎండలో చీర పరిచింది. గీత ఉంది. వాడు నేసిన వైపు ముదురు, ఈమె నేసిన వైపు ఒక చాయ తక్కువ.

లోపలికొచ్చి రెండు వైపులా మిషన్‌లో పెట్టాను. అంకె ఒకటి దాటింది. అద్దకం వాళ్ళ మీదికి లేచాను. వాళ్ళు నన్ను చూసిన చూపుకు ఇంకా మండింది. ఎవరిది తప్పో తేల్చాలని ఈ కొస నుంచీ ఆ కొస నుంచీ పేక పోగులు లాగి, వేరువేరు అట్టలకు చుట్టి కొలిచాను. తేడా లేదు. పోగుల్లో లేని తేడా గుడ్డలో ఎక్కడిది?

గుడ్డను వేళ్ళ మధ్య నలిపినప్పుడు తెలిసింది. వాడి వైపు బిగువుగా ఉంది. వాడు నేసేటప్పుడు పోగు పోగునూ మగ్గం పలకతో గట్టిగా దగ్గరకు కొట్టాడు. ఒత్తుగా పడిన పోగుల్లోంచి వెలుగు తక్కువగా తిరిగొస్తుంది, అందుకే ముదురు. ఈమె వైపు వదులు. మిషను పట్టింది రంగును కాదు, మా తమ్ముడి చేతిని.

రంగు తేడా కాదు, దెబ్బ తేడా అని చెప్పాను. ఆమె చాలాసేపు గుడ్డను తడుముతూ కూర్చుంది. చీర మొత్తాన్నీ ఇంకా ముదురు రంగులో ముంచిస్తాను, కంటికి తెలియదన్నాను.

"మిషన్‌కు తెలుస్తాదా?"

తెలుస్తుందన్నాను.

"ముంచొద్దులే వదినా. మగ్గంలో కూసున్నప్పుడల్లా నీ సెయ్యి మెత్తన, నీ సెయ్యి మెత్తన అని తిడ్తాండె. పోయినాక గూడా తిట్టినాడనుకుంటా."

నవ్వబోయింది, కుదరలేదు. చీర మడిచి సంచిలో పెట్టుకుని పోయింది. ఇంతవరకూ కట్టలేదు.

ఆ సాయంత్రం బల్ల సర్దుతుంటే ఓనరు వచ్చి, ఈ పోగులు ఏ పార్టీ శాంపిలమ్మా అన్నాడు. పోగులు చుట్టిన అట్టలను చేతిలోకి తీసుకున్నాను. అట్టల మీద గుర్తు వేసుకోవడం మరిచాను. వాటిలో వాడు నేసిన పోగు ఏదో నాకు తెలియదు. మళ్ళీ మిషన్‌లో పెట్టి చూశాను. దానికీ తెలియలేదు.