చిక్కుడు పందిరి కింద తెల్ల కర్ర

నా చిన్నప్పుడు, ఇంగ్లండులో స్టీవెనేజ్ అనే ఊళ్ళో, మా ఇంటి పెరడు ఎక్కడ అయిపోతుందో గోల్ఫ్ మైదానం ఎక్కడ మొదలవుతుందో నాకు సరిగ్గా తెలిసేది కాదు. మధ్యలో మోకాలెత్తు తీగ కంచె ఉండేది, దానికో చిన్న తలుపు. తలుపు అవతల ఎవరూ కోయని గడ్డి కొంత, ఆ గడ్డి దాటితే మైదానం. పొద్దున్నే పొగమంచు కమ్మినప్పుడు అక్కడ తిరిగే మనుషులకు కాళ్ళుండేవి కావు. తలలు, భుజాలు, వాటి వెనక సంచులు మాత్రం మెల్లగా తేలుతూ పోయేవి. ఎవరూ గట్టిగా మాట్లాడుకునేవారు కాదు. ఎక్కడో టక్కుమని ఒక చప్పుడు, చాలాసేపటికి ఇంకెక్కడో మరొకటి. నిద్రకళ్ళతో వంటింటి కిటికీ దగ్గర నిలబడి చూస్తుంటే నేనింకా లేవలేదేమో అనిపించేది.

మా నాయనమ్మకు మాత్రం ఆ దృశ్యంలో కలలేమీ కనిపించలేదు. తాతయ్య పోయాక ఆవిడ తెనాలి వైపు నుంచి మా దగ్గరికి వచ్చేసింది. పుట్టి పెరిగింది, కాపురం చేసింది అంతా వరిపొలాల మధ్య. అంత నేల చూసేసరికి ఆవిడ కడుపు తరుక్కుపోయింది. బంగారంలాంటి భూమిని బీడు పెట్టుకుని, పగలంతా కర్రలు పట్టుకుని తిరిగే మగవాళ్ళను ఆవిడ ఎక్కడా చూడలేదట. వీళ్ళ ఆడవాళ్ళు ఏమీ అనరా అని మా అమ్మను అడిగేది. ఆ బాధ అంతా మా పెరడు మీద తీర్చుకుంది. కొత్తిమీర వేసింది, మెంతికూర వేసింది, గోంగూర వేసి దాన్ని బతికించలేక ఈ దేశపు ఎండను తిట్టిపోసింది. చివరికి ఇక్కడ అందరూ పెంచే ఎర్రపూల చిక్కుడు ఆవిడ మాట విన్నది. సన్నటి వెదురుకర్రలతో పందిరి కట్టి, తీగకు పురికొస చుట్టి, రోజూ దానితో కాసేపు మాట్లాడేది. ఆవిడకు ఇంగ్లీషు రాదు. నేను బడి నుంచి వచ్చేదాకా ఇంట్లో పలకరించేవాళ్ళు లేరు. అందుకని ఆ చిక్కుడుపాదుకు మా ఇంటి సంగతులన్నీ తెలుసు.

నాన్న సంగతి వేరు. ఆయన విమానాల భాగాలు చేసే కంపెనీలో ఇంజనీరు. పని బాగా చేస్తాడని పేరుంది గానీ, సోమవారం పొద్దున ఆఫీసులో మాటలన్నీ శనివారం ఆడిన గోల్ఫ్ గురించే నడిచేవి. ఎవరు ఏ పని తీసుకోవాలో కూడా ఆ మైదానంలోనే సగం తేలిపోయేది. నాన్న టీ కప్పు పట్టుకుని నవ్వుతూ వినేవాడు. ఇంటికొచ్చి వంటింటి కిటికీలోంచి చూస్తూ నిలబడేవాడు. తర్వాత పాత గోల్ఫ్ కర్రలు నాలుగు కొనుక్కుని, ఊరి బయట ఖాళీ స్థలంలో ఒక్కడే కొట్టుకుంటూ ఆట నేర్చుకున్నాడు. మొదట ఉద్యోగం కోసం మొదలుపెట్టాడేమో, పోను పోను ఆ ఆట మీద నిజంగానే ప్రేమ పుట్టింది. మా ఇంటి వెనక క్లబ్బులో సభ్యుడు కావాలన్నది ఆయనకు ఎంత పెద్ద కోరికో, ఆ మాట ఎత్తినప్పుడు ఆయన గొంతు తగ్గిపోవడం బట్టి నాకు అర్థమయ్యేది.

ఆ ఆటలో నియమాలు నాన్న నాకే చెప్పేవాడు, అమ్మ వినదు కనుక. మైదానం అంచున అక్కడక్కడా నడుమెత్తు తెల్ల కర్రలు పాతి ఉండేవి. వాటి మధ్య తాడు కట్టినట్టు ఊహించుకుంటే అదే హద్దు. బంతి మొత్తం ఆ గీత దాటి పడితే బయటికి పోయినట్టే. గీతను కాస్త తాకుతూ ఉన్నా లోపలున్నట్టే. మా ఇంట్లో అందరం క్రికెట్ వాళ్ళం. బంతి గీత దాటి ఎగిరిపోతే సిక్సరని చప్పట్లు కొట్టే జాతి. గోల్ఫ్‌వాళ్ళ బంతి మా వైపు ఎగిరొచ్చినప్పుడు నేను కంచె దగ్గర నిలబడి చప్పట్లు కొడితే, ఒకాయన నన్ను గుర్రుగా చూశాడు కూడా. ఈ ఆటలో దానికి శిక్ష అని నాన్న నవ్వాడు. ఒక దెబ్బ అదనంగా లెక్క వేసుకోవాలి. పైగా బంతి పోయిన చోటి నుంచి కాదు, ముందు ఎక్కడ నిలబడి కొట్టారో అక్కడికే తిరిగి వెళ్ళి మళ్ళీ కొట్టాలి. అందరూ చూస్తుండగా అంత దూరం వెనక్కి నడవడమా అని నాకు జాలేసింది. ఇవన్నీ నాకు చెప్పాడు గానీ, నాయనమ్మకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఆవిడకెందుకులే అనుకున్నాం.

ఆ వేసవిలో ఒక రాత్రి గాలివాన కొట్టి చిక్కుడు పందిరి ఒకవైపు ఒరిగిపోయింది. మేమంతా బడికీ ఆఫీసులకీ వెళ్ళిపోయాక నాయనమ్మ ఊతకర్ర కోసం వెతుక్కుంది. కంచె తలుపు తీస్తే, గడ్డిలో, ఏ దడికీ ఆధారం కాకుండా, ఊరికే నిలబడి ఉందొక తెల్లటి కర్ర. నున్నగా, గట్టిగా, రంగు వేసి మరీ. ఈ దేశంలో వస్తువులు ఇలాగే అక్కర్లేక వదిలేస్తారని ఆవిడ అప్పటికే తీర్మానించుకుంది. ఊపి ఊపి పీకి తెచ్చి పందిరికి ఊతం పెట్టింది. కాసిన్ని రోజుల్లోనే తీగ దాన్ని అల్లేసింది. పందిరి నిలబడిందని మేం సంతోషించామే తప్ప, ఆకుల కింద ఏముందో ఎవరం చూడలేదు. మా ఇంటి దగ్గర హద్దు మైదానంలోకి కాస్త వంగుతుంది. ఆ వంపు దగ్గర పాతిన కర్ర అది.

ఆ తర్వాతి శనివారమే నాన్నకు పరీక్ష. కొత్తవాళ్ళను చేర్చుకునే ముందు క్లబ్బు కమిటీలో ఒకరు వాళ్ళతో పాటు ఆడి చూస్తారు. ఆట ఒక్కటే కాదు, నియమాలు తెలుసా, నడవడి ఎలా ఉంది, అన్నీ గమనిస్తారు. నాన్నతో వచ్చినాయన పొడుగ్గా, కోటేరులాంటి ముక్కుతో, తనలో తాను ఏదో కూనిరాగం తీసుకుంటూ నడిచే పెద్దాయన. మాటలు చాలా తక్కువ.

సాయంత్రం ఎంతకీ తగ్గని ఆ వేసవి వెలుతురు ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. గాలి లేదు. ఎర్రటి చిక్కుడు పూల మీద తేనెటీగలు ముసురుతున్నాయి. నాయనమ్మ గట్టు మీద కూర్చున్నట్టు పెరటి మెట్టు మీద కూర్చుని మెంతికూర గిల్లుతోంది. నేను కంచె మీద గడ్డం ఆనించి నాన్న కోసం చూస్తున్నాను. దూరంగా, ఏటవాలు నేల మీద, ఇద్దరు మనుషులు అగ్గిపుల్లలంత కనబడ్డారు. ఒక పుల్ల వంగి లేచింది. చప్పుడు తర్వాత వినబడింది. బంతి ఆకాశంలో కనిపించకుండా పోయి, చాలాసేపు ఎక్కడా లేకుండా ఉండి, మా కంచె అవతల గడ్డిలో మెత్తగా వచ్చి పడింది.

అనుమానం ఉంటే అక్కడే ముందుజాగ్రత్తగా ఇంకో బంతి కొట్టి రావచ్చని నియమం ఉంది. కానీ వంపు దగ్గర కర్ర లేకపోవడంతో అంత దూరం నుంచి బంతి క్షేమంగా ఉన్నట్టే కనబడింది. ఇద్దరూ నడుచుకుంటూ వచ్చారు. పెద్దాయన ఒక కన్ను మూసి, ఇటు కనిపించే కర్ర నుంచి అటు కనిపించే కర్రకు చూపుతోనే గీత గీశాడు. లోపలే ఉంది, కొట్టమన్నాడు. నాన్న సంచిలోంచి కర్ర తీశాడు. తీసి ఆగాడు. గడ్డి వైపు చూశాడు, మా వంటింటి కిటికీ వైపు చూశాడు, మళ్ళీ బంతిని చూశాడు.

అక్కడ ఎందుకు ఆగిపోయారే అని నాయనమ్మ అడిగింది. నేను ఉత్సాహంగా అంతా చెప్పాను. ఆ తెల్ల కర్రలు ఈ మైదానానికి హద్దులనీ, దాటితే ఓడినట్టనీ, ఇక్కడ మధ్యలో ఒకటి ఉండాలేమో గానీ లేదు కనుక నాన్న గట్టెక్కేశాడనీ చెప్పాను. ఆవిడ చేతిలో మెంతికూర అలాగే ఉండిపోయింది.

"అయ్యి హద్దులంటావా?" అంది. "ఊరికే పాతినయ్యి కాదూ?"

మా నాయనమ్మ సంగతి మీకు తెలియాలి. తాతయ్య ఉన్న రోజుల్లో పక్క పొలం ఆసామి గట్టు చెక్కి ఒక నాగటి సాలంత మా పొలంలోకి జరిపాడని, ఆ ఇంట్లో పెళ్ళికి కూడా వెళ్ళలేదావిడ. గట్టు చెక్కేవాడింట్లో పచ్చి మంచినీళ్ళు ముట్టకూడదని నాకు అన్నంతో పాటు కలిపి పెట్టిన మనిషి. హద్దంటే ఆవిడకు దేవుడితో సమానం. అలాంటిది, ఆవిడ చేత్తోనే ఒకరి హద్దు పీకింది.

మెంతికూర మెట్టు మీద పడేసింది. లేచి పందిరి కిందికి వంగి ఆ కర్రను పట్టి లాగింది. అల్లుకున్న తీగలు పటపటమని తెగాయి. పందిరి ఆ వైపు మొత్తం, పూలతో, పిందెలతో, నేల మీదికి కూలింది. ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా, చీర మీద గోధుమరంగు స్వెట్టరుతో, ఆ కర్రను రెండు చేతులా పట్టుకుని కంచె తలుపు తోసుకుని వెళ్ళిపోయింది. నేను వెనకాల పరిగెత్తాను.

"ఒరే నాయనా, కొట్టమాక," అంది నాన్నతో. "ఇది నేనే పీకాను. తెలీక పీకాను."

నాన్న చేతిలో కర్ర దించాడు. ఆవిడ గడ్డిలో పాదంతో తడుముకుంటూ వెళ్ళి పాత గుంట పట్టుకుంది. కర్రను అందులో దింపి, మడమతో చుట్టూ మట్టి తొక్కింది. దానికి ఇంకా చుట్టుకుని ఉన్న పురికొస విప్పి ఒక కొస నా చేతికిచ్చి, అవతలి కర్ర దగ్గరికి పొమ్మంది. పొలం కొలిచేటప్పుడు పట్టినట్టే తాడు బిగించి పట్టుకుంది. బంతి తాడుకు అవతల, మా ఇంటి వైపు ఉంది. మధ్యలో నా చిటికెన వేలు పట్టేంత ఖాళీ.

కమిటీ పెద్దాయన కూనిరాగం ఆపేశాడు. ఈవిడ ఎవరని నన్నడిగాడు, ఏమందని అడిగాడు. చెప్పాను. కాసేపు ఆలోచించి, ఈ బంతి ఎవరిదో తెలిసే ఈవిడ వచ్చిందా అని అడగమన్నాడు. అడిగాను.

"నా కొడుకుదని తెలుసని చెప్పు. అందుకే ఇంత తొందరగా వచ్చానని చెప్పు," అంది నాయనమ్మ.

నేను ఆ మాటను ఇంగ్లీషులో చెప్పాను. నాకు అప్పుడు అర్థం కాలేదు. ఆయనకు అర్థమైందేమో, పురికొసను ఉండగా చుట్టి, తల వంచి ఆవిడకు అందించాడు.

ఇక నాన్న వెనక్కి నడవాలి. వెళ్తూ వెళ్తూ నా చెయ్యి పట్టుకున్నాడు, నేనూ వెళ్ళాను. ఆ మైదానంలో అడుగు పెట్టడం నాకదే మొదలు. కిటికీలోంచి చూసినన్నాళ్ళూ కాళ్ళు లేని మనుషులు తిరిగిన నేల అది. నడుస్తుంటే మెత్తగా, నిశ్శబ్దంగా ఉంది. మా నీడలు మాకంటే చాలా ముందు నడిచాయి. సగం దూరం దాకా నాన్న నేల చూస్తూ నడిచాడు. నాయనమ్మ మీద కోపం వచ్చిందేమోనని నాకు భయం వేసింది.

"అక్కడ వంపు ఉందని నాకు తెలుసమ్మా," అన్నాడు చివరికి. "రోజూ కిటికీలోంచి చూసేదేగా."

మరి కొట్టేసేవాడివా అని అడిగాను.

"ఏమో. ఆ సంగతి నాకెప్పటికీ తెలియకుండా చేసింది మా అమ్మ."

అలా అన్నప్పుడు ఆయన కళ్ళు తడిసి ఉన్నాయి. ముఖం మాత్రం బరువు దింపిన మనిషిలా తేలిగ్గా ఉంది. అక్కణ్ణించి కొట్టిన బంతి ఎటు పోయిందో నాకు జ్ఞాపకం లేదు. ఆ ముఖమే జ్ఞాపకం.

ఆ ఏడు క్లబ్బులో చోటు దొరకలేదు. ఖాళీలు లేవన్నారు. అది నిజమో కాదో మాకు తెలియదు. నాన్న సోమవారాలు మరికొన్నాళ్ళు అలాగే నవ్వుతూ విన్నాడు, బాధపడ్డాడు కూడా, నేను చూశాను. ఆ తర్వాత ఎప్పటికో చేర్చుకున్నారు. ఆ శనివారం రాత్రి భోజనాలకు ముందు మాత్రం ఆయన మంచి ప్యాంటుతోనే మట్టిలో మోకాళ్ళూని, పొడుగు చీపుళ్ళ కర్రలు తెచ్చి పందిరి నిలబెట్టాడు. నాయనమ్మ పక్కన నిలబడి, ముడి అలా కాదురా అని సాధిస్తూనే ఉంది. ఇద్దరూ బంతి ఊసెత్తలేదు.

నాయనమ్మ చేసింది న్యాయం అనుకుని చాలా ఏళ్ళు గొప్పగా చెప్పుకున్నాను. నాకూ పిల్లలు పుట్టాక గానీ అది ప్రేమ అని తెలియలేదు. కొడుకు బంతి కొట్టాక వెళ్ళి ఉంటే ఆవిడ చెప్పిన నిజమే వాడికి అవమానం అయ్యేది. ముందే వెళ్ళింది కనుక వాడు తలెత్తుకుని వెనక్కి నడిచాడు. మొన్నీమధ్య మా అబ్బాయి లండన్ పక్కన క్రోయిడన్‌లో ఫ్లాట్ అమ్ముతూ, కొనడానికి వచ్చిన చిన్నజంట ముందు, పడకగది గోడకు చెమ్మ ఎక్కే సంగతి చెప్పాలా వద్దా అని తటపటాయిస్తున్నాడు. వాడు నోరు తెరిచేలోపు నేనే చెప్పేశాను. వాడికి కోపం వచ్చింది, కొన్నాళ్ళు ఫోన్ చేయలేదు. చేయకపోతే పోనీ అనుకోలేకపోయాను, ఏడ్చాను కూడా. అయినా మళ్ళీ అలాంటి సందర్భం వస్తే అదే చేస్తాను. నావాళ్ళెవరైనా అలా చేతిలో కర్ర పట్టుకుని ఆగిపోయి కనబడితే, ఇప్పటికీ నేను చెప్పుల కోసం వెతుక్కోను.