మల్లె తుప్పకి ఆకు దూసిన ఏడు

కాయితం ముందు కూర్చున్నాను. నేను చదివింది ఐదో తరగతి వరకే, అదీ పూర్తిగా కాదు. పెద్ద సంగతులు రాయడం నాకు రాదు. మా పెరట్లో ఉండే మల్లె తుప్ప గురించి అయితే రాయగలనేమో అనిపించింది.

అరవై ఏడో సంవత్సరమో, అరవై ఎనిమిదో, సరిగ్గా గుర్తు లేదు. బొబ్బిలికి దగ్గర్లో మా పల్లె. నేను కాపురానికి వచ్చిన కొత్త. మా అత్త అంటే మా నాన్న సొంత చెల్లెలే. మామ పోయి చాలా కాలమైంది. ఆమె కొడుకు, అంటే నన్ను కట్టుకున్న మా బావ, సాలూరులో లారీ మీద క్లీనరు పని చేసేవాడు. ఎప్పుడు వస్తాడో ఎవరికీ తెలీదు. ఒక్కోసారి నెల దాటిపోయేది. వస్తే ఒక రాత్రి ఉండి, తెల్లారి వెళ్లిపోయేవాడు.

ఇంట్లో అత్తా, నేనూ, ఒక గేదె. చీకటుండగానే లేచి కళ్లాపి జల్లి, పేడ తీసి, చోడి అంబలి, అంటే రాగి జావ, కాచి పొలం వెళ్లేదాన్ని. వచ్చాక వడ్లు దంచాలి. రోకలి పట్టిన చెయ్యి పడుకున్నాక కూడా ముడుచుకునే ఉండేది.

పుట్టింటి నుంచి తెచ్చిన బొండుమల్లి అంటు ఒకటి నూతి పక్కన పాతుకున్నాను. బావ వచ్చిన రోజు నా మొక్క పూలు నా తలలో ఉండాలి. నా కోరిక అదే. పైకి చెప్పుకోవడానికి సిగ్గు.

మొదటి ఏడు ఒక్క మొగ్గ కూడా వేయలేదు. దాహం వేస్తోందేమోనని చలికాలమంతా నీళ్లు పోశాను. గేదెకి తోడాక చేతులు పడిపోతున్నా, దానికోసం ఇంకో చేద తోడేదాన్ని. ఆకు మాత్రం నిగనిగలాడుతూ ఒత్తుగా వచ్చింది.

మాఘమాసంలో ఒక పొద్దున అత్త దాన్ని చూసి నవ్వింది.

"ఏటే, పూలకి పెంచుతన్నావా, మేతకి పెంచుతన్నావా?"

"పూస్తాదత్తా. నీళ్లు సాల్లేదేమో."

"నీళ్లు ఎక్కువైపోయే పూయలేదే, ఎర్రిదానా. కడుపు నిండినోడు పనికెల్తాడేటి? సలికాలం ఎండబెట్టాల. ఆకు దూసీయాల. అప్పుడుగానీ దానికి బుద్ధి రాదు."

అంటూనే చతికిలబడి, ఒక్కో కొమ్మా పట్టుకుని ఆకంతా దూసేసింది. దూసింది దూసినట్టు గేదె ముందు పడేసింది. నాకు ఏడుపొచ్చేసింది.

"సచ్చిపోతాదత్తా!"

"సస్తే ఇంకోటి పాతుకో. ఇన్ని పాట్లు పడి నాను సచ్చినానేటి?"

కొమ్మల చివర్లు తుంచేసింది. మొదలు చుట్టూ తవ్వి వేళ్లకి ఎండ తగలనిచ్చింది. "నాను సెప్పేదాకా నీళ్లు పోసినావంటే సెయ్యిరగ్గొడతాను" అంది. బిందెతో దాని పక్క నుంచి వెళ్లేటప్పుడు నేను అటు చూసేదాన్ని కాదు. కొన్నాళ్లకి తనే ఇంత గెత్తం, మాగిన పేడ ఎరువు, వేసి, నిండుగా నీళ్లు పెట్టమంది. అప్పటికి నూతిలో నీళ్లు అడుగుకి దిగిపోతున్నాయి. అందుకని స్నానం చేసే రాయిని తుప్ప పక్కకి జరుపుకున్నాను. మా ఒంటి మీది నీళ్లే దానికి.

ఫాల్గుణం చివర్లో బియ్యపు గింజల్లాంటి మొగ్గలు కనిపించాయి. పూచినవి అత్త కోసేసింది.

"తొలిపూత అమ్మోరిదే. మనం ముట్టకూడదు."

మళ్లీ మొగ్గ పట్టేదాకా బావ రాకుండా ఉంటే బాగుండును అనుకున్నాను. మొగుడు రాకూడదని కోరుకున్న పెళ్లాం ఇంకెవరైనా ఉంటుందా?

చైత్రంలో తుప్ప నిండా మొగ్గలు. రేపు విచ్చుకుంటాయనగా ఆ సాయంత్రమే నేను బయట చేరాను. ఆ మూడు రోజులూ పశువుల శాలలో ఒక పక్క చాప, కంచం. పూల మొక్క దరికి పోకూడదు, నీడ పడినా మాడిపోతుందనేవారు. నిజం చెప్పాలంటే మామూలుగా ఆ రోజులంటే నాకు ఇష్టమే. నడుముకి దొరికే సెలవు అదొక్కటే. ఆసారి మాత్రం పడుకోబుద్ధి కాలేదు.

మర్నాడు పొద్దు వాలేవేళకి రోడ్డు మీద లారీ హారను వినిపించింది. బావ వచ్చి శాలకి దూరంగా నిలబడ్డాడు.

"ఏటే, బాగున్నావా?"

"బాగున్నాను బావా. మల్లెలు పూసినాయి."

"వాసన రోడ్డు కాడికే ఒచ్చీసినాది."

"నానే పాతినాను."

"అమ్మ సెప్పినాదిలే."

అత్త పూలు కోసి, గుమ్మంలో కూర్చుని అరటినారతో దండ కట్టింది. కట్టాక దాన్ని చేతిలో పట్టుకుని నా వైపు చూసింది.

"ఏటి సేయనే? నీకియ్యకూడదు. నాను పెట్టుకోకూడదు." కొడుకు వైపు తిరిగింది. "నువ్వట్టుకెల్లరా. లారీలో అమ్మోరి పటానికి ఏసుకో. కొండల్లో ఘాటీలెక్కుతావు."

"బాగుంది! పెళ్లానికి లేని పూలు లారీకేటి? ఆ లారీయే నా పెళ్లామనుకుంటారు ఊర్లో!"

"అనుకోనీ. దాంతోటే కదా నీ కాపురం."

బావ నవ్వాడు. నేనూ నవ్వాను. తెల్లారి దండ తీసుకుని వెళ్లిపోయాడు.

నాలుగో రోజు తలకి పోసుకుని తుప్ప దగ్గరికి వెళ్లాను. అత్తకి పొలం పనితో కోయడానికి తీరిక లేదేమో, ఆ తర్వాత విచ్చిన పూలన్నీ రాలి మట్టిలో గోధుమరంగు తిరిగాయి. కొమ్మల మీద మిగిలినవి ఏరి, చిన్న దండ ముక్క కట్టి జడలో పెట్టుకున్నాను.

"ఎవలు సూడాలనే?" అంది అత్త, వడ్లు రోట్లో పోస్తూ.

"ఎవలూ లేరత్తా."

రోకలి అందుకున్నాను. చెమటకి, వేడికి అవి సాయంత్రంలోపే నల్లబడిపోయాయి. మర్నాడు మళ్లీ కొన్ని మొగ్గలు కనిపించాయి. కోయడానికి ఓపిక లేకపోయింది.